గండికోట గాలికి నిలిచే గ్రిల్లు ఏది?

మడిస్తే బ్యాగులో పట్టేస్తుంది, విప్పితే కాళ్లు బయటికొస్తాయి, ధర కూడా అందుబాటులోనే. ఫొటో చూసి ఇలాంటి గ్రిల్లు తెప్పించుకుని గండికోటకో అవుకు రిజర్వాయరు వైపో బయల్దేరేవాళ్లు చాలామంది. అక్కడికి పోయాక బొగ్గులు అంటుకోవడానికే ముప్పావుగంట. అంటుకున్నాక ముక్క పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చివరికి రేకు వంకర తిరిగి, మళ్లీ మడవబోతే మడత పడదు. వంట చేసినవాడి మీద నింద వేస్తారు కానీ, చాలాసార్లు పొరపాటు కొనేటప్పుడే జరిగిపోతుంది. గ్రిల్లు కొనేసి తర్వాత ఇంధనం వెతుక్కోవడం తలకిందుల పని. ఎక్కడ దిగుతాం, అక్కడ నిప్పు రాజేయనిస్తారా, రాజేయనిస్తే ఏ ఇంధనం వెంట తీసుకుపోగలం, ఆ చోట గాలి ఎట్లా ఉంటుంది అన్న నాలుగు సంగతులు ముందు తేలాలి. అవి తేలాక మిగిలేవి రెండు మూడు రకాలే.

నిప్పు పెట్టనిచ్చే చోటేనా?

గండికోటలో కోట లోపలిది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. రక్షిత కట్టడాలకు 1959లో చేసిన నియమాల ప్రకారం, ప్రత్యేకంగా అనుమతించిన చోట తప్ప లోపల వంట చేయకూడదు, తినకూడదు కూడా. లేపాక్షి గుడి ఆవరణకైనా ఇదే వర్తిస్తుంది. పెన్నా లోయ అంచున పొగ లేస్తున్న గ్రిల్లు ఫొటోలు ఇంటర్నెట్‌లో కనిపిస్తుంటాయి. వాటిని చూసి అక్కడ ఎవరైనా చేసుకోవచ్చు అనుకోవద్దు. కోట బయట గుడారాలు అద్దెకిచ్చేవాళ్ల స్థలంలో దిగుతుంటే, డబ్బు కట్టకముందే ఒక మాట అడగాలి: బొగ్గుల పొయ్యి పెట్టుకోవచ్చా, గ్యాసు మాత్రమేనా? ఈ జవాబుతో సగం నిర్ణయం అయిపోతుంది.

నల్లమల, లంకమల, పాలకొండలు, శేషాచలం అంచుల సంగతి ఇంకా స్పష్టం. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యమైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తోడవుతుంది. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా అక్కడి గడ్డి అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. అలాంటి చోటికి ఏ గ్రిల్లూ సరైనది కాదు. ఇంట్లో వండిన సద్ది కట్టుకుని పోవడమే దారి. కడప వైపు కొండల్లో ఎండు కట్టెలు ఏరుకుందాం అనుకునేవాళ్లకు ఇంకో హెచ్చరిక: ఏరిన పుల్లల్లో ఎర్రచందనం ముక్క ఒక్కటి కలిసినా, ఫారెస్టు వాళ్లకు సంజాయిషీ చెప్పుకునే సరికి ట్రిప్పు అక్కడితో సరి.

సొంత పొలం, తెలిసినవాళ్ల తోట, అనుమతి ఉన్న క్యాంపు స్థలం, రిసార్టు ఆవరణ లాంటివే గ్రిల్లుకు తగిన చోట్లు. ఇక్కడి నుంచి ఇంధనం లెక్క.

బొగ్గా, గ్యాసా, కట్టెలా

ఒక కిలో ఎండు కట్టెలో దాదాపు 15 మెగాజౌళ్ల వేడి ఉంటుంది. మంచి బొగ్గులో 28 నుంచి 30, గ్యాసులో 46 దాకా. ఈ అంకెలు చూస్తే గ్యాసే గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ కాల్చడం వేరు, ఉడకబెట్టడం వేరు. గిన్నె కింద మంట ఉంటే గిన్నెను వేడిచేస్తుంది. గ్రిల్లు మీద ముక్కకు నేరుగా తగలాల్సింది నిప్పుకణికల సెగ. ఎర్రగా రగిలే బొగ్గు ఆ సెగను అన్నివైపులా సమంగా చిమ్ముతుంది. గ్యాసు నీలిమంట చిమ్మే సెగ తక్కువ కాబట్టి మధ్యలో ఒక రేకో, పింగాణీ పలకో, ఇనప పలకో వేడెక్కి, దాని నుంచి సెగ రావాలి. అందుకే చవక గ్యాసు గ్రిల్లులో ముక్క కాలదు, తన నీటిలో తానే ఉడుకుతుంది.

కట్టెలతో నేరుగా కాల్చడం చూడ్డానికి బాగుంటుంది. కిలో నిప్పులు కావాలంటే నాలుగైదు కిలోల కట్టె కాలాలి, అది నిప్పులయ్యే దాకా ముప్పావుగంట పొగ మింగాలి. ఏ కట్టె అన్నది కూడా చూసుకోవాలి. వేపకట్టె పొగకు చేదు వాసన. గన్నేరు కట్టె దగ్గరికే రానివ్వకూడదు. చెట్టు మొత్తం విషం. ఆ పుల్లలకు ముక్కలు గుచ్చడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

పాత కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో బొగ్గుకు కొదవ లేదు. చెరువు కట్టలు, బీడు పొలాలు ఆక్రమించిన సర్కారు తుమ్మ, అదే కంపచెట్టు, వ్యవసాయానికి శనిగ్రహం లాంటిదైనా బొగ్గుకు మాత్రం రాజు. దాని కట్టె గట్టిది, బొగ్గు బరువుగా ఉంటుంది, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. ఇస్త్రీ బండ్లకు, కబాబ్ బండ్లకు బొగ్గు అమ్మే డిపోల్లో గోతాల లెక్కన దొరుకుతుంది. కొనేటప్పుడు రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టి చూడాలి. గాజు గాజుకు తగిలినట్టు 'ఖణ్' మంటే బాగా కాలిన బొగ్గు. 'డబ్' మని మొద్దుగా వినిపించి, విరిచిన చోట గోధుమరంగు ఉంటే సగం కట్టే. అది పొయ్యిలో పొగ చిమ్ముతుంది. చెమ్మ తగిలిన బొగ్గు చిటపటలాడుతూ నిప్పురవ్వలు ఎగరేస్తుంది. నైలాన్ గుడారం పక్కన ఒక్క రవ్వ పడితే గుడారానికి కిటికీ వచ్చినట్టే. గోతం అడుగున మిగిలే పొడిని గ్రిల్లులో పొయ్యకూడదు. అది సందులు మూసేసి గాలి ఆడనివ్వదు. కోడిగుడ్డంత ముక్కలు ఏరుకుంటే చాలు.

బ్రికెట్ల పేరుతో అమ్మేవాటిలో రెండు వేర్వేరు సరుకులున్నాయి, చిక్కంతా ఇక్కడే. కొబ్బరి చిప్ప బొగ్గును పొడిచేసి గంజితో అచ్చుపోసినవి వంటకు పనికొస్తాయి. అంటుకోవడానికి అరగంట పట్టినా గంటకు పైగా ఒకే వేడి ఇస్తాయి. బుడ్డల (వేరుశనగ) పొట్టు, రంపపు పొట్టు గట్టిగా నొక్కి చేసే గోధుమరంగు దిమ్మెలు మాత్రం బాయిలర్లకు ఉద్దేశించినవి. అవి బొగ్గు కావు, నొక్కిన కట్టె. చవకగా దొరికాయని గ్రిల్లులో వేస్తే కూర్చున్నవాళ్లంతా లేచి పోవాల్సిందే.

చీకుల బండిని చూసి నేర్చుకోవాల్సింది

సాయంత్రం కర్నూలులోనో అనంతపురంలోనో రోడ్డు పక్కన చీకుల బండి దగ్గర నిలబడి పొయ్యిని గమనించండి. పొడుగ్గా, సన్నగా, తొట్టిలా ఉంటుంది. పైన జాలీ ఉండదు. ఊచలు అటు అంచు నుంచి ఇటు అంచుకు పరుచుకుని ఉంటాయి. అమ్మేవాడు చేత్తో విసనకర్ర ఊపుతుంటాడు. ఇంపోర్టెడ్ గ్రిల్లుల డబ్బాల మీద రాసే గొప్పలన్నిటి కన్నా ఈ తొట్టిలో లెక్క ఎక్కువ.

లెక్క ఏమిటంటే, ఒక ఊచకు ఐదారు ముక్కలు, అంటే 110 గ్రాముల దాకా గుచ్చుకోవచ్చు. కిలో ఎముకలు లేని చికెన్‌కు తొమ్మిది ఊచలు. ఒక్కో ఊచకు 4 సెంటీమీటర్ల చోటు వేసుకుంటే 36 సెంటీమీటర్లు. అంటే 40 సెంటీమీటర్ల పొడవున్న తొట్టిలో కిలో మాంసం ఒక్క వాయిలో అయిపోతుంది, నలుగురికి సరిపోతుంది. వెడల్పు 13 సెంటీమీటర్లుంటే చాలు. మామూలు మడత గ్రిల్లు 40 × 25 ఉంటుంది. అందులో నిప్పులు పరచాల్సిన చోటు 1000 చదరపు సెంటీమీటర్లు. సన్న తొట్టిలో 520. బొగ్గు ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది, మోయాల్సిన బరువు కూడా. వెడల్పు గ్రిల్లుకు కిలో, కిలోంబావు బొగ్గు కావాలంటే తొట్టికి ముప్పావుకిలోలోపే సరిపోతుంది.

తొట్టికి ఉన్న లోటు ఒక్కటే. చేప, మొక్కజొన్న కంకి, కాల్చిన వంకాయ పచ్చడికి వంకాయలు, రాత్రి మిగిలిన జొన్నరొట్టె వేడిచేసుకోవడం లాంటివాటికి పైన జాలీ కావాలి. అలాంటి వంటే ఎక్కువైతే వెడల్పు గ్రిల్లు కొనండి. చీకులే ప్రధానమైతే తొట్టి కొనండి, దాని మీద సరిపడే చిన్న జాలీ ఒకటి విడిగా పెట్టుకోండి. రెండు పనులూ ఒకటే చేస్తుందని చెప్పే పెద్ద గ్రిల్లు కన్నా ఈ జంట మేలు.

ఊచల విషయంలో ఒక తప్పు చాలాచోట్ల కనిపిస్తుంది. సైకిలు పుల్లలు వాడటం. వాటికి తరచుగా జింకు పూత ఉంటుంది. నిప్పు మీద పెట్టి తినే వస్తువుకు అది తగదు. గుండ్రటి ఊచకు ఇంకో జబ్బు, తిప్పితే ఊచ తిరుగుతుంది, ముక్క తిరగదు. చదునుగా ఉండే స్టీలు ఊచలు తీసుకోవాలి. వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నానబెట్టి గుచ్చాలి.

గాలి కిందినుంచి రావాలి

బొగ్గు మండేది గాలితో. నిప్పుల వేడికి గాలి పైకి లేస్తుంది, కిందినుంచి కొత్తగాలి లోపలికి లాగబడుతుంది. అడుగున దారి లేకపోతే ఈ చక్రం ఆగిపోతుంది. చవక మడత గ్రిల్లుల్లో చాలావాటికి అడుగు పూర్తిగా మూసి ఉంటుంది, పక్కన అందానికి నాలుగు చీలికలు. పదినిమిషాలు బాగానే మండి, బూడిద పేరుకున్నాక నిప్పులు నల్లబడతాయి. అందరూ వంగి ఊదుతుంటారు, బూడిద లేచి చికెన్ మీద పడుతుంది.

కొనేముందు గ్రిల్లును తిరగేసి చూడాలి. 40 × 25 కొలతకు అడుగున, కింది అంచున కలిపి 12 మిల్లీమీటర్ల రంధ్రాలు 20 దాకా ఉంటే నిప్పు హాయిగా ఊపిరి పీలుస్తుంది. రంధ్రాలను కాస్త మూసే జారుడు రేకు ఉంటే ఇంకా మంచిది, వేడి మన చేతిలో ఉంటుంది. లోపల బొగ్గు నేరుగా అడుగు రేకు మీద కూర్చోకుండా రెండు సెంటీమీటర్ల ఎత్తున ఇంకో జాలీ ఉండాలి. బూడిద కిందికి రాలిపోవడానికి అదే దారి. ఈ లోపలి జాలీ లేని గ్రిల్లు ఎంత మెరుస్తున్నా పక్కన పెట్టేయొచ్చు.

నిప్పులకూ మాంసానికీ మధ్య దూరం చీకులకైతే 8 నుంచి 10 సెంటీమీటర్లు. ఎముక ఉన్న లెగ్ పీసులకు, మందపాటి చేపకు 15. జాలీని రెండు మూడు ఎత్తుల్లో పెట్టుకునే గాడులుంటే ఈ తలనొప్పి ఉండదు. లేకపోతే నిప్పులన్నీ ఒకవైపు పోగేసి రెండోవైపు ఖాళీగా ఉంచాలి. మసాలా కారినప్పుడు, నూనె బొట్టు పడి మంట లేచినప్పుడు ముక్కను ఆ ఖాళీవైపు జరపొచ్చు. ఎర్రకారం దట్టించిన రాయలసీమ మసాలాకు ఈ ఖాళీవైపు తప్పనిసరి. కారం పొడి త్వరగా మాడుతుంది, మాడితే చేదు. వేడి చాలిందా అన్నది అరచెయ్యి చెబుతుంది: జాలీకి జానెడులోపు ఎత్తున చెయ్యి పెట్టి లెక్కపెట్టాలి. రెండు మూడు సెకన్లకే వెనక్కి లాక్కోవాల్సొస్తే చాలా వేడి, ఐదు నుంచి ఏడు సెకన్లు ఆగగలిగితే చికెన్‌కు సరైన వేడి. రెండంగుళాల కన్నా చిన్న ముక్కలైతే తిప్పుతూ పన్నెండు, పదిహేను నిమిషాలు. లోపలి వేడి 74 డిగ్రీలు దాటితే చికెన్ ఉడికినట్టు. నాటుకోడిని పచ్చిగా తెచ్చి గ్రిల్లు మీద పెట్టేవాళ్లకు దండం పెట్టాలి. దాని కండ ఈ కొద్దిసేపట్లో మెత్తబడదు. ఇంట్లోనే కుక్కర్‌లో ముప్పాతిక ఉడికించి తెచ్చుకుంటే గ్రిల్లు రంగు, పొగ వాసన ఇస్తుంది.

ఇక బయటి గాలి. పాత అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. మే నుంచి ఆగస్టు దాకా సీమ అంతటా పడమటి గాలి దంచుతుంది. లోయ అంచున, కట్ట మీద, గుట్ట మీద ఇంకా ఎక్కువ. గాలి తగిలితే బొగ్గు గంట మండాల్సింది ముప్పావుగంట కూడా మండదు, మితిమీరిన వేడితో ముక్క పైన నల్లగా లోపల పచ్చిగా తయారవుతుంది. దీనికి మూత ఉన్న గ్రిల్లు కొంత మందు. మూత లేకపోతే గాలి వచ్చే వైపు, ఇంకో పక్క రేకు అడ్డం పెట్టాలి, నాలుగు వైపులా మూసేయకూడదు. వెడల్పు గ్రిల్లుకు ఎత్తు గోడలు, కనీసం 12 సెంటీమీటర్లు, ఉన్నాయో లేదో చూసుకోవాలి. పళ్లెంలా చదునుగా ఉన్నవి ఇంటి పెరటికే.

రేకు, జాలీ, కాళ్లు

మడత గ్రిల్లుల్లో రేకు మందం తరచుగా అర మిల్లీమీటరు దాటదు. ఎర్రటి నిప్పుల వేడికి అది పొంగుతుంది, చల్లారాక పాత ఆకారానికి రాదు. మందం పెంచితే బరువు పెరుగుతుంది, ఎంత పెరుగుతుందో కూడా లెక్కేసుకోవచ్చు. చదరపు మీటరు ఉక్కు రేకు ఒక్కో మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. 40 × 25 × 12 కొలతల పెట్టెకు మూత లేకుండా పావు చదరపు మీటరు రేకు పడుతుంది. అంటే 1 మి.మీ. రేకుతో 2 కిలోలు, 2 మి.మీ.తో 4, 3 మి.మీ.తో 6. కారులో పోయేవాళ్లకు 1.6 మి.మీ. దగ్గర బేరం కుదురుతుంది: పెట్టె 3.2 కిలోలు, జాలీలు కాళ్లు కలిపి 5 కిలోల చుట్టుపక్కల. 40 × 13 × 10 తొట్టి అయితే అదే రేకుతో 2 కిలోలే. బైకు మీద పోయేవాళ్లు దీనికి మించి ఆలోచించనక్కర్లేదు.

స్టీలు అంటే అయస్కాంతం పెట్టి చూసే అలవాటు ఉంది. అతుక్కుంటే నాసి, అతుక్కోకపోతే మేలు అని. అది సగం నిజం. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం అతుక్కోదు, నిజమే. చవకైన 202 రకం కూడా అతుక్కోదు, కానీ త్వరగా తుప్పు పడుతుంది. 430 రకం అతుక్కుంటుంది, అయినా పొయ్యి పెట్టెకు పనికొస్తుంది. కాబట్టి బిల్లు మీద రకం రాయించుకోవడమే మార్గం. మెరిసే క్రోమ్ పూత జాలీలు నాలుగైదు వాడకాలకే పెచ్చులూడతాయి. పెచ్చులు ఆహారంలోకి పోతాయి. వాటిని మార్చి స్టీలు జాలీ వేయించుకోవాలి.

జీఐ (జింకు పూత వేసిన ఇనప) రేకును మాత్రం ఎవరు ఎంత చవకగా ఇస్తామన్నా పొయ్యికి వాడకూడదు. దాని మీది జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది. నిప్పుల వేడి దాన్ని సులువుగా దాటుతుంది, ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టినట్టు ఒళ్లు నొప్పులు, వణుకు వస్తాయి.

ఊళ్లోని వెల్డింగ్ షాపులో చేయించుకోవడం తక్కువ పని ఏమీ కాదు. చాలా డబ్బా గ్రిల్లుల కన్నా అది మేలు. షాపులో చెప్పాల్సింది ఇది: 1.6 మి.మీ. నల్ల ఎమ్మెస్ (పూత లేని మైల్డ్ స్టీలు) రేకు, అడుగున 12 మి.మీ. రంధ్రాలు, లోపల బొగ్గు జాలీకి 2 సెంటీమీటర్ల ఎత్తున ఆనుడు, పై జాలీకి 5 లేదా 6 మి.మీ. కడ్డీలు 12 నుంచి 15 మి.మీ. ఎడంలో, ఊచలు దొర్లకుండా అంచు మీద 4 సెంటీమీటర్లకొక గాడి. లోపల పెయింటు వద్దు. కాళ్లు వెల్డింగ్ చేయకుండా బోల్టులతో బిగించమనాలి. ఇంటికి తెచ్చాక అరగంట సేపు ఖాళీగా నిప్పు వేసి కాల్చి, వేడిగా ఉండగానే బుడ్డల నూనె గుడ్డతో పలచగా రుద్దితే తుప్పు పట్టదు. బోల్టులు వేడికి బిగుసుకుపోవడం ఖాయం, ఒకే కొలతవి నాలుగు ఎక్కువ తెచ్చి డబ్బాలో వేసుకోవాలి.

కాళ్లు ఎన్ని అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. ఎగుడుదిగుడు బండ మీద నాలుగు కాళ్ల పొయ్యి ఊగుతుంది, మూడు కాళ్లది ఊగదు. కానీ పక్కనుంచి తగిలితే మూడు కాళ్లది త్వరగా ఒరుగుతుంది. పిల్లలు తిరిగే చోట నాలుగు కాళ్లు, కింద రాతి చిప్పలు పెట్టి సరిచేసుకోవాలి. ఎత్తు 20 సెంటీమీటర్లకు తగ్గితే కింద గడ్డి అంటుకుంటుంది.

ఇక్కడే కడప బండ సంగతి. నాపరాయి, బేతంచెర్ల రాయి పొరలు పొరలుగా ఉంటాయి. పొరల మధ్య చెమ్మ దాగుతుంది. దాని మీద నేరుగా నిప్పు పోస్తే లోపలి చెమ్మ ఆవిరై రాయిని పగలగొడుతుంది, చిప్పలు ఎగురుతాయి. పెన్నలో దొరికే నున్నని గుండ్లను పొయ్యి రాళ్లుగా పెట్టినా ఇదే ప్రమాదం. కాళ్లున్న గ్రిల్లుకు ఈ భయం తక్కువ. పొట్టి కాళ్లదైతే బండ మీద రెండంగుళాల పొడి ఇసుక పరిచి దాని మీద పెట్టాలి.

గ్యాసు వైపు మొగ్గితే

నిప్పురవ్వలు వద్దన్న చోటికి, బూడిద తలనొప్పి లేకుండా పోవాలనుకునేవాళ్లకు గ్యాసు మంచిదే. అయితే గ్రిల్లు కన్నా ముందు సిలిండరు దొరుకుతుందో లేదో చూడాలి. విదేశీ చిన్న గ్రిల్లులు చాలావరకు 465 గ్రాముల ప్రొపేన్ సీసాల కోసం చేసినవి. ఆ సీసాలు కర్నూలు, కడప దుకాణాల్లో దొరుకుతాయని నమ్ముకోవద్దు. మన ఇళ్లలోని రెగ్యులేటరు దాదాపు 30 మిల్లీబార్ల ఒత్తిడితో గ్యాసు వదులుతుంది. ఎక్కువ ఒత్తిడికి చేసిన బర్నరును దానికి తగిలిస్తే మంట బలహీనంగా వస్తుంది. ఎక్కువ ఒత్తిడి రెగ్యులేటరుతో ఇంటి రకం బర్నరు వాడితే మంట ఎగిసిపడుతుంది. రెండూ ప్రమాదమే.

మిగిలిన దారులు రెండు. మొదటిది గుర్తింపు కార్డు చూపితే గ్యాసు ఏజెన్సీలో దొరికే 5 కిలోల సిలిండరు. కారులో పోయే పెద్ద గుంపుకు ఇదే సరి. సందు దుకాణాల్లో ఇంటి సిలిండరు నుంచి దొంగచాటుగా నింపిచ్చే చిన్న సిలిండర్లు మాత్రం ముట్టుకోవద్దు. సరైన చోట సిలిండరును 85 శాతం దాటకుండా నింపుతారు, మిగతా ఖాళీ వేడికి ద్రవం ఉబ్బడానికి. సందులో నింపేవాడికి ఆ కొలత ఉండదు. అంచుదాకా నింపిన సిలిండరు మే నెల అనంతపురం ఎండలో కారు డిక్కీలో ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

రెండోది క్యాసెట్ స్టవ్, పొడవాటి బ్యూటేన్ క్యాన్‌తో నడిచేది. ఒక్కో క్యాన్ 220 నుంచి 230 గ్రాములు. ఇక్కడ వాట్ల లెక్క చూడాలి: ముక్క కాలడానికి జాలీ చదరపు సెంటీమీటరుకు మూడు, మూడున్నర వాట్లు కావాలి. 30 × 25 జాలీకి దాదాపు 2.5 కిలోవాట్లు. అంత మంటకు గంటకు 200 గ్రాములు ఖర్చవుతుంది. అంటే క్యాన్ ఒకటి గంటకు కాస్త పైన. నలుగురి వంటకు రెండు క్యాన్లు పెట్టుకోవాలి. చలి దేశాల్లో బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర మొరాయిస్తుందని రాస్తుంటారు. డిసెంబరు రాత్రి గండికోటలో కూడా ఆ భయం లేదు. మన భయం దానికి ఎదురు: క్యాన్ 50 డిగ్రీలు దాటకూడదు. ఎండలో నిలిపిన కారు లోపల వేడి దాన్ని సులువుగా దాటుతుంది. క్యాన్లు ఐస్ పెట్టె పక్కన నీడలో ఉండాలి.

ఈ స్టవ్‌ల పేలుళ్లకు ఒక ముఖ్య కారణం అతి పెద్ద పెనం. స్టవ్ అంచు దాటి క్యాన్ గది మీదికి వచ్చే గ్రిల్లు పలక పెడితే, దాని సెగ కిందికి కొట్టి క్యాన్ కాగుతుంది. గాలికి అడ్డంగా రేకు చుట్టూ బిగించినా అంతే. స్టవ్ మీద బొగ్గు అంటించుకోవడం ఇంకా పెద్ద తెలివితక్కువ. ఒత్తిడి పెరిగితే క్యాన్ దానంతటదే విడిపోయే ఏర్పాటు, మంట ఆరితే గ్యాసు ఆగే ఏర్పాటు ఉన్న స్టవ్‌కే డబ్బు పెట్టాలి. గ్యాసు గాలికన్నా బరువు, మంట ఆరిపోతే గుంటల్లో, రాళ్ల సందుల్లో పేరుకుంటుంది. బిగించాక ప్రతిసారీ సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. రైలులో పోయేవాళ్లు గ్యాసు గురించి మర్చిపోవాలి. 1989 రైల్వే చట్టం కింద అది నేరం, మూడేళ్ల జైలు దాకా ఉంది. ఆర్టీసీ బస్సులోనూ ఎక్కించరు.

అంటించడం, ఆర్పడం

పెట్రోలు, కిరోసిన్ పోసి బొగ్గు అంటించకూడదు. వాసన మాంసానికి పడుతుంది, మంట ముఖానికి కొడుతుంది. రెండు వైపులా కోసిన పెద్ద నూనె డబ్బా, కింది అంచున చుట్టూ రంధ్రాలు పొడిచినది, ఉంటే చాలు. గ్రిల్లులో కొబ్బరి పీచు, కోడిగుడ్ల అట్ట ముక్క పెట్టి, దాని మీద డబ్బా నిలిపి, బొగ్గు నింపి అంటిస్తే పొగగొట్టంలా గాలి లాగి పావుగంట, ఇరవై నిమిషాల్లో పైబొగ్గు మీద తెల్లని పొర వస్తుంది. అప్పుడు పటకారతో డబ్బా ఎత్తేయాలి. ఆ తెల్లపొర రాకముందే మాంసం పెట్టడం అందరూ చేసే తొందర.

చలికి నిప్పులున్న గ్రిల్లును గుడారంలోకి తెచ్చుకోవడం చావును పిలవడమే. ఆరిపోతున్న బొగ్గు నుంచే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గుడారం జిప్పు కాస్త తెరిచాం కదా అన్నది రక్షణ కాదు. కారులోనూ అంతే.

నిప్పులు ఆర్పడానికి 5 లీటర్ల నీళ్లు వేరుగా ఉంచాలి. గ్రిల్లు మీదే నీళ్లు కుమ్మరిస్తే రేకు వంగుతుంది, ఆవిరి చేతిని కాలుస్తుంది. నిప్పులను నేల మీదికి దించి, కొంచెం కొంచెంగా చల్లి, కర్రతో కలుపుతూ మళ్లీ చల్లాలి. ఇసుకలో పూడ్చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. పైన చల్లగా కనిపిస్తూ లోపల గంటల తరబడి కణకణలాడుతుంది, తెల్లారి చెప్పుల్లేకుండా అటు నడిచిన పిల్లవాడి కాలు కాలుతుంది. నీళ్లు కరువైన చోటికి బిగుతు మూత ఉన్న స్టీలు క్యాను ఒకటి తీసుకుపోతే ఇంకా తేలిక. నిప్పులు అందులో వేసి మూత బిగిస్తే గాలి అందక ఆరిపోతాయి. క్యాను పూర్తిగా చల్లారిందని చేత్తో పట్టుకుని చూశాకే కారులో పెట్టాలి. మిగిలిన బొగ్గు పారేయక్కర్లేదు. వచ్చేసారి కొత్త బొగ్గు సగం కలిపితే త్వరగా అంటుకుంటుంది.